గట్టిమేళం ఆగాక

మా మేడ మీద ఒక గది ఉంది. మేం దాన్ని స్టూడియో అనేవాళ్లం, వీధిలోవాళ్లు బొంతల గది అనేవారు. నిజానికి వాళ్లు పెట్టిన పేరే సరైంది. మా ఆవిడ పాత చీరలతో కుట్టిన బొంతల్ని నాలుగు గోడలకూ మేకులు కొట్టి వేలాడదీశాం. లోపల గొంతు మార్మోగకూడదు, బయటి ఆటోల మోత లోపలికి రాకూడదు. మొదటి పని బాగానే జరిగింది. రెండోది జరగలేదు. రాజమండ్రిలో ఆటో మోతని ఆపగలిగే బొంత ఇంకా ఎవరూ కుట్టలేదు.

ఆ గదిలోంచి మేం పన్నెండేళ్లు పాటలు విడుదల చేశాం. పెద్ద కంపెనీలు ఎవరి గడప తొక్కవో వాళ్ల పాటలు. లూథరన్ చర్చి క్వాయర్‌లో పాడే పెద్దవాళ్లు డిసెంబరు పాటల కోసం ఎండాకాలంలోనే వచ్చేవారు. రికార్డింగ్ అవుతున్నంతసేపూ ఫ్యాను కట్టేయాలి కాబట్టి, చెమటలు కారుతుండగా చలికాలం పాటలు పాడేవారు. కోరుకొండ నుంచి ఒక హరికథ చెప్పే ఆవిడ గజ్జెలు సంచిలో వేసుకుని బస్సులో వచ్చేది. పేపరు మిల్లులో రిటైరైన ఒకాయన హార్మోనియం వాయించేవాడు. ఒక స్వరం తప్పితే తన మీద తనకే కోపం వచ్చి లేచి మెట్లు దిగిపోయేవాడు. మా ఆవిడ మెట్ల దగ్గరే కాఫీ గ్లాసుతో నిలబడి మళ్లీ పైకి పంపేది.

లేబుల్, అదే మా పాటల కంపెనీ, అంటే మేమిద్దరమే. అట్ట మీద బొమ్మ ఆవిడ గీసేది, పాటల పేర్లు గుండ్రటి చేతిరాతతో రాసేది, మూలన ఉన్న జిరాక్సు షాపులో రంగుల్లో తీయించేది. మొదట్లో సీడీలు, తర్వాత పెన్ డ్రైవులు, ఆ తర్వాత యూట్యూబ్ కూడా. పాడేవాళ్లతో మాట్లాడటం, బుజ్జగించడం, వాళ్లింట్లో పెళ్లికీ చావుకీ వెళ్లడం అంతా ఆవిడే. నాకు మనుషులతో మాట్లాడటం రాదు. నా పని కత్తిరించడం. పాటకి ముందు దగ్గు, మధ్యలో కుర్చీ కిర్రుమన్న చప్పుడు, చివర్లో "ఎలా వచ్చిందండీ" అన్న మాట, అన్నీ వెతికి వెతికి తీసేసేవాణ్ణి. ఆవిడ నాకు కోత మాస్టారు అని పేరు పెట్టింది.

"మనిషన్నాక ఊపిరి పీల్చడాండీ? అదీ కోసేస్తారేంటి?" అనేది.

నేను వినేవాణ్ణి కాదు. పాట శుభ్రంగా ఉండాలి అనేవాణ్ణి.

ద్రాక్షారామం పక్క పల్లెలో ఒక సన్నాయి మేళం ఉండేది. అన్నగారు సన్నాయి, తమ్ముడు డోలు. అన్నగారికి అప్పటికే అరవై దాటాయి. చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్లయినా వీళ్లే వాయించేవారు. మా ఆవిడ ఒక పెళ్లిలో విని, విస్తరి ముందు నుంచి లేచి వెళ్లి మరీ ఆయన్ని పిలిచింది. ఆయన రావడానికి మూడు నెలలు పట్టింది. పెళ్లిళ్లు లేని మూఢం రోజులు చూసుకుని వచ్చారు. అన్నదమ్ములిద్దరూ ఉదయమే దిగారు. డోలు మెట్లమీద తిరగక, తమ్ముడు దాన్ని నెత్తిన పెట్టుకుని పైకెక్కాడు.

సాయంత్రానికి అన్నీ అయిపోయాయి, ఒక్కటి తప్ప. గట్టిమేళం వాయించమంటే పెద్దాయన సన్నాయి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"అది ఉత్తినే వాయించకూడదండి," అన్నాడు.

"రికార్డింగే కదండీ."

"ఆయ్, అయినా కూడదండి. మెడలో సూత్రం పడాలి. ఆ క్షణంలో తుమ్మో దగ్గో ఏడుపో పెళ్లివారి చెవిన పడకూడదనేగా అంత గట్టిగా వాయించేది. ఇక్కడ పెళ్లే లేదు. దేన్ని కప్పడానికండి?"

నేను ఇంకా ఏదో వాదించబోతుంటే మా ఆవిడ కిందకి వెళ్లి, పసుపు కొమ్ముకి దారం చుట్టి తీసుకొచ్చింది. దారానికి కూడా పసుపు రాసింది, ఇంకా తడిగా ఉంది. వచ్చి మైకు ముందు చాప మీద కూర్చుంది.

"కట్టండి," అంది నాతో. "మొదటిసారి వేసిన ముళ్లు ఎలాగూ వదులైపోయాయి."

డోలు తమ్ముడు పగలబడి నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. పైపంచె సర్దుకుని, తూర్పు ఎటో అడిగి, ఆవిణ్ణి అటు తిప్పి కూర్చోమన్నాడు. తర్వాత తనే పురోహితుడిలా "గట్టిమేళం" అని కేకేసి సన్నాయి అందుకున్నాడు. నేను వెనకనుంచి మూడు ముళ్లు వేశాను. పెళ్లయిన ఇరవై రెండేళ్లకి. మాకు పిల్లల్లేరు, ఉంటే చూసి నవ్వేవాళ్లు. ఈసారి వదులు కాకుండా గట్టిగా బిగించాను. డోలు దరువుకి గోడలకున్న బొంతలు కదిలాయి. తర్వాత ఠక్కున ఆగింది.

ఆగాక రెండు క్షణాలు నిశ్శబ్దం. తర్వాత ఆవిడ దారం కింద చిక్కుకున్న జడని పైకి లాక్కుంది. గాజులు మోగాయి. ఒక చిన్న నవ్వు, సగం నవ్వు, మిగతా సగం మింగేసింది. అప్పుడు పెద్దాయన మెల్లగా తర్వాతి రాగం ఎత్తుకున్నాడు.

మర్నాడు కోతకి కూర్చున్నాను. గాజుల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"అది ఉంచండి. పెళ్లన్నాక గాజులు మోగవా?"

ఉంచాను. పన్నెండేళ్లలో నేను కోయకుండా ఉంచిన చప్పుడు అదొక్కటే.

కోయకూడనిది మాత్రం కోశాను. పెద్దాయన రాగాల పేర్లతో పెట్టమన్నాడు. ఒక్కో రాగం పావుగంట, అలాగే ఉండనీయండి అన్నాడు. అలా పెడితే ఎవరు వింటారని, నేను వాటిని పెళ్లి తంతు ప్రకారం ముక్కలు చేసి నంబర్లు వేశాను. ఒకటి ఎదురుకోలు, రెండు గౌరీపూజ, మూడు కన్యాదానం, అలా. ఐదు గట్టిమేళం. ఏడు అప్పగింతలు. గొప్ప తెలివైన పని చేశాననుకున్నాను. మా ఆవిడ నోటు పుస్తకంలో గోదావరికి రెండువైపులా ఉన్న కల్యాణమండపాల పేర్లు రాసింది. పెన్ డ్రైవులు నేనే పట్టుకెళ్లి ఇచ్చాను.

మా లేబుల్ నుంచి వచ్చినవాటిలో అంతగా పాకింది అదొక్కటే. దాన్ని ఎవరూ కూర్చుని వినలేదు. వాడుకున్నారు. పురోహితుడు చెయ్యెత్తగానే హాలు కుర్రాడు ఐదో నంబరు నొక్కేవాడు. జీలకర్ర బెల్లానికి ఒకసారి, సూత్రానికి ఒకసారి. సన్నాయి మేళం కోసం వెతుక్కోనక్కర్లేదు, భోజనం పెట్టనక్కర్లేదు, ముహూర్తానికి ఇంకా రాలేదేంటని కంగారు పడనక్కర్లేదు. ఇదంతా నాకు అప్పుడు తట్టలేదు. మన పాట మోగుతోందని ఇద్దరం సంతోషపడ్డాం.

మరుసటి ఏడు వైశాఖంలో, ఒక మధ్యాహ్నం, మా ఆవిడ మేడ మీద బట్టలు ఆరేసి వచ్చి కాసేపు పడుకుంటానంది. నాలుగింటికి కాఫీకి లేపాను. లేవలేదు.

నాకు ఏడుపు రాలేదు. చుట్టాలు మొదట పాపం షాకులో ఉన్నాడన్నారు, పదకొండో రోజుకి వీడి గుండె రాయి అన్నారు. ఆ రోజు భోజనాల్లో పులుసు బాగుందని కూడా అన్నానట. క్వాయర్ పెద్దలు వచ్చి, మీకు అభ్యంతరం లేకపోతే ఒక పాట పాడతామండీ అన్నారు. పాడమన్నాను. వాళ్లు పాడుతుంటే రెండో వరసలో ఒకామెకి శ్రుతి తగ్గిందని గమనించాను. అంతకంటే ఏమీ లేదు. పంటి డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక దవడ ఉంటుందే, అలా ఉండేది ఒళ్లంతా. ఉందని తెలుసు, నాది అని తెలియదు.

మా ఇంటిని ఆనుకునే ఒక కల్యాణమండపం ఉంది. మా గదికున్న ఒకే ఒక్క కిటికీ అటే. రికార్డింగులప్పుడు దానికి కూడా బొంత కట్టేవాళ్లం. ఆవిడ పోయాక రికార్డింగులు లేవు కాబట్టి కిటికీ తెరిచే ఉండేది. నేను పొద్దున్నే పైకెళ్లి కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. పాత పాటల పేర్లు సరిచేసేవాణ్ణి. సరిగ్గా ఉన్నవాటిని కూడా సరిచేసేవాణ్ణి.

మూఢం, ఆషాఢం దాటి శ్రావణంలో పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాయి. మొదటి ముహూర్తం పొద్దున్నే. పక్క హాల్లో ఐదో నంబరు నొక్కారు. గట్టిమేళం వచ్చింది. ఆగింది. రెండు క్షణాలు. గాజులు మోగాయి, సగం నవ్వు, తర్వాత రాగం.

నేను మౌసు మీంచి చెయ్యి కూడా తీయలేదు. ఏమీ అనిపించలేదు. కానీ తర్వాతి ముహూర్తం ఎప్పుడుందో పంచాంగంలో చూశాను.

అప్పటినుంచి అదే అలవాటైంది. ముహూర్తానికి ముందే కాఫీ కలుపుకుని కిటికీ పక్కన కూర్చునేవాణ్ణి. నలుగురూ అక్షింతలు వేస్తుండగా ఆవిడ గాజులు మోగేవి. ఆవిడ పక్కింటికి చక్కెర అప్పుకి వెళ్లి వాళ్లతో మాటల్లో పడి నవ్వుతున్నట్టు ఉండేది. అదే పాట నా కంప్యూటర్లో కూడా ఉంది. ఒక్కసారి కూడా నేను నొక్కలేదు. నేను నొక్కితే అది రికార్డు. పక్క హాల్లోంచి వస్తే అది మా ఆవిడ. ఇలా ఆలోచించేవాణ్ణి పిచ్చోడంటారని తెలుసు, అందుకే ఎవరికీ చెప్పలేదు.

కార్తీకంలో పెద్దాయన వచ్చాడు. భుజాన సన్నాయి సంచి ఉంది గానీ ఎక్కడా వాయించి వచ్చిన మనిషిలా లేడు. కుర్చీ చూపిస్తే ఆ చాప మీదే కూర్చున్నాడు. అమ్మగారి సంగతి తెలిసిందన్నాడు, అప్పుడు రాలేకపోయానన్నాడు. కాసేపు గోడలకున్న బొంతలు చూశాడు.

"మొన్న మా ఊళ్లోనే పెళ్లండి," అన్నాడు. "అక్షింతలు వేయడానికి వెళ్లానండి. నా సన్నాయి నేనే విన్నాను. బాగానే వాయించానండి."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

"ఇదివరకు శ్రావణం, మాఘం నాకు ఊపిరాడేది కాదండి. ఈ శ్రావణంలో రెండంటే రెండు పెళ్లిళ్లండి. ఏమనుకోకపోతే ఒక్క మాట. మిగతావన్నీ ఉంచుకోండి. ఆ గట్టిమేళం ఒక్కటి తీసేయండి. అది లేకపోతే ముహూర్తం గడవదు కాబట్టి మమ్మల్ని పిలుస్తారండి."

న్యాయమైన మాట. ఒక్క మాట కూడా కాదనడానికి లేదు. నేనే నంబర్లు వేశాను, నేనే హాలు హాలుకీ తిరిగి ఇచ్చాను.

"చూద్దామండి," అన్నాను.

గోదావరి జిల్లాల్లో ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు. ఆయనకీ తెలుసు. సరేనండి అని లేచి, మోకాళ్లు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయాడు.

నేను ఏమీ చేయలేదు. చేయకపోవడానికి కారణం నాకు స్పష్టంగానే తెలుసు. ఆ పాట తీసేస్తే పక్క హాల్లో గాజులు మోగవు. ఒక ముసలాయన నోటి దగ్గర కూడు ఒక పక్క, నాకు రోజూ అందని రెండు క్షణాల చప్పుడు ఇంకో పక్క. నేను రెండోదాన్ని పట్టుకుని కూర్చున్నాను. సిగ్గేసిందా అంటే, అదీ లేదు. ఆ నెలల్లో నాకు సిగ్గు కూడా తిమ్మిరెక్కే ఉంది.

మార్గశిరంలో ఒక పెళ్లిరోజు ఉదయం పాల కోసం వీధిలోకి వెళ్లాను. పక్క హాలు ముందు ఖాకీ చొక్కా వేసుకున్న ఒకాయన విజిల్ ఊదుతూ కార్లను లోపలికి పంపిస్తున్నాడు. వంచిన మెడ చూసి ఎక్కడో చూశాననుకున్నాను. అప్పుడే లోపల ఐదో నంబరు నొక్కారు. ఆయన విజిల్ నోట్లోనే ఉంచుకుని, పక్కనున్న కారు బానెట్ మీద కుడిచేతి వేళ్లతో, దరువు తప్పకుండా, చివరిదాకా వాయించాడు. లోపల డోలు ఆగినచోటే ఈ వేళ్లూ ఆగాయి. రెండు క్షణాల తర్వాత గాజులు మోగాయి.

అప్పుడు నన్ను చూశాడు.

"ఆయ్, నేనేనండి," అన్నాడు విజిల్ తీసి. ఏదో తప్పు చేస్తూ దొరికిపోయినట్టు నవ్వాడు. "డోలు ఇంట్లోనే ఉందండి. చర్మం సడలిపోకుండా అప్పుడప్పుడు ఎండలో పెడతన్నాను."

నేను పాలు తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాను. ఆ పసుపు కొమ్ము దారం ఇంకా స్టూడియోలో, హెడ్‌ఫోన్లు తగిలించే మేకుకే ఉంది. దాన్ని చూసి నవ్విన మనిషే ఇవాళ కార్లకి దారి చూపిస్తున్నాడు. ముందు యూట్యూబ్‌లో పాట తీసేశాను. తొలగించమంటారా అని అడిగింది, అవునన్నాను. ఆరు సెకన్లు పట్టింది. తర్వాత మా ఆవిడ నోటు పుస్తకం తీసుకుని, ఐదో నంబరు లేకుండా కొత్త పెన్ డ్రైవులు తయారుచేసి, పాతవి వెనక్కి తీసుకోవడానికి బయల్దేరాను. ప్రతి పేరూ ఆవిడ చేతిరాతలోనే ఉంది. ఒక్కో హాలుకీ వెళ్లి రాగానే ఆ పేరు పక్కన టిక్కు పెట్టాను.

కొన్నిచోట్ల అప్పటికే కాపీలు చేసుకున్నారు. అడిగితే లేదన్నారు. ఒకాయన, "ఇది కాకపోతే ఇంకోటి దొరుకుద్దండి, దానికేం," అన్నాడు. నిజమే. కొందరు మాత్రం విన్నారు. పక్క హాలు మేనేజరు నాకు పన్నెండేళ్లుగా తెలుసు, మా ఆవిడ పోయినరోజు కుర్చీలు పంపినవాడు. ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పాను, గాజుల సంగతి తప్ప.

"ఏంటండీ, మీ పార్కింగ్‌లో విజిల్ ఊదేది ఎవరనుకుంటున్నారు?" అన్నాను. "రోజూ మీ హాల్లో మోగుతున్న డోలు ఆయనదే."

మేనేజరు లేచి గుమ్మం దాకా వెళ్లి పార్కింగ్ వైపు చూసి వచ్చాడు. తర్వాత ఇక్కడ జరిగే పెళ్లిళ్లకి మేళం ఆ అన్నదమ్ములదేనని పెళ్లివారికి ముందే చెప్పేస్తానన్నాడు. చెప్పాడు కూడా.

మాఘంలో మొదటి ముహూర్తం ఉదయం తొమ్మిదిన్నరకి. నేను ఎప్పట్లాగే కాఫీ గ్లాసుతో కిటికీ దగ్గర కూర్చున్నాను. గాలి కోసం మేళాన్ని ఎదురు కిటికీ పక్కనే కూర్చోబెట్టారు. పెద్దాయన సన్నాయికి పీక సరిచేసుకుంటున్నాడు. తమ్ముడు ఖాకీ చొక్కా తీసేసి తెల్ల బనీను మీద కండువా వేసుకున్నాడు. ఇద్దరి మధ్య నుంచి పందిరి సగం కనిపిస్తోంది, పెళ్లికూతురి జడ కనిపిస్తోంది.

పురోహితుడు "గట్టిమేళం, గట్టిమేళం" అని చెయ్యెత్తాడు.

వాయించారు. మా రికార్డు కంటే చాలా బాగుంది. మా బొంతలు ఆ మేళం ప్రాణం సగం తాగేశాయని అప్పుడు తెలిసింది. కిటికీ ఊచలు చేతికింద వణికాయి. మూడు ముళ్లూ పడ్డాయి. మేళం ఆగింది.

నేను అలవాటుగా రెండు క్షణాలు ఆగాను.

గాజులు మోగలేదు.

ఇంకో రెండు క్షణాలు ఆగాను. చెవి కిటికీ ఊచలకి ఆనించాను. పెళ్లివాళ్ల మాటలు, ఎక్కడో పిల్లాడి గోల, వీధిలో ఆటో. ఇంకేం లేదు. మా ఆవిడ పోయింది. ఆ మాట నేను తొమ్మిది నెలలుగా అందరికీ చెబుతున్నాను. రేషన్ కార్డులో పేరు తీసేయించడానికి వెళ్లి అక్కడ కూడా చెప్పాను. నాకు నేను వినడం అదే మొదటిసారి.

ఏడుపు వచ్చింది. చిన్నగా రాలేదు. నాది కాని గొంతుతో, గొడ్డు అరిచినట్టు వచ్చింది. గ్లాసు చేతిలోంచి జారిపోయింది. కిటికీ మూయాలని తెలుసు, అవతల సూత్రం పడి పట్టుమని పది క్షణాలు కాలేదని తెలుసు. చెయ్యి లేవలేదు. పందిరి దగ్గర ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్లు ఉలిక్కిపడి అటూ ఇటూ చూశారు.

పెద్దాయన తలెత్తి మా కిటికీ వైపు చూశాడు. ఒక్కసారే చూశాడు. సన్నాయి మళ్లీ నోట పెట్టుకుని తమ్ముడికి కనుసైగ చేశాడు. గట్టిమేళం మళ్లీ మొదలైంది. అయిపోయిందిగా, ఇప్పుడెందుకన్నట్టు పురోహితుడు చెయ్యి ఊపాడు. పెద్దాయన కళ్లు మూసుకున్నాడు. డోలు మీద తమ్ముడి చేతులు కనిపించనంత వేగంగా ఆడుతున్నాయి. పెళ్లివారికి నా ఏడుపు వినపడలేదు.

నేను ఏడ్చినంతసేపూ వాళ్లు వాయించారు.